చిన్న మామిడి మొక్కకు కత్తి ఎందుకు పెట్టాలి?



ఈ నెల గోడపత్రికలో నేను మామిడి అంటు మొక్కకు కొమ్మలు కత్తిరించడం గురించి రాస్తున్నాను. ఇది మన పుస్తకంలో పాఠం కాదు. సగం మన బడితోటలో సైన్స్ టీచరు చూపించింది. సగం మా ఇంటి దగ్గర నేను చేసింది. నేను తప్పు చేసింది కూడా రాస్తాను. మన బడిలో చాలామంది చేలల్లో అంటు మొక్కలు ఉన్నాయి. వాళ్ళకు పనికి వస్తుందని రాస్తున్నాను. ఓపికగా చదవండి.

మా ఇంటి వెనక చెట్టు

మాది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం. మా ఇంటి వెనక ఒక మామిడి చెట్టు ఉంది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన నాటాడు. "ఇది అంటు మొక్క, నాలుగేళ్ళకే తియ్యటి కాయ కాస్తుంది" అని చెప్పి ఇచ్చారట. నాయన చుట్టూ ముళ్ళకంప కట్టాడు. ఎండాకాలం అమ్మ వాగు నుంచి బిందెతో నీళ్ళు మోసి పోసింది.

ఆరేళ్ళకు కాసింది. కాయ కోడిగుడ్డంత. లోపల అంతా పీచు. పండినా పులుపే. నాయన ఒక కాయ కొరికి అవతల పారేశాడు. "అంటు అని చెప్పి అడివి మామిడి అంటగట్టారు. మనకేం తెల్వదని మోసం చేశారు" అన్నాడు. అప్పటి నుంచి ఎవరు మొక్కలు ఇస్తామన్నా నాయన నమ్మడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మళ్ళీ 20 మామిడి మొక్కలు ఇస్తుంటే నాయన వద్దన్నాడు. అమ్మ ఊరుకోకుండా తెచ్చింది. వాటిలో 17 బతికాయి. ఈ పాఠం ఆ 17 మొక్కల గురించి.

అంటు మొక్క అంటే ఏమిటి?

అంటు మొక్క రెండు మొక్కలు కలిసి ఒకటి అయింది. కింద భాగం నాటు మామిడి టెంక నుంచి మొలిచింది. దాన్ని వేరుమూలం అంటారు. పై భాగం మనకు కావలసిన రకం చెట్టు నుంచి కోసి తెచ్చిన పుల్ల. దాన్ని సయాన్ అంటారు. రెండింటినీ కోసి, కోత మీద కోత కలిపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి కడతారు. కొన్నాళ్ళకు రెండూ అతుక్కుంటాయి. ఆ చోట కాండం కొంచెం వంకరగా, బొడిపెగా ఉంటుంది. పక్కన బొమ్మ గీశాను చూడండి.

జ్ఞాపకం పెట్టుకోవాల్సిన మాట ఒకటే. బొడిపెకు పైన వచ్చిన కొమ్మ మనది. బొడిపెకు కింద వచ్చిన చిగురు నాటుది. కింద చిగురుకు బలం ఎక్కువ. దాన్ని వదిలేస్తే వేరు తెచ్చే నీళ్ళన్నీ అదే తాగుతుంది. పై పుల్ల బక్కచిక్కి ఎండిపోతుంది. బయట నుంచి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు.

టీచరు ఈ మాట చెప్పినప్పుడు నాకు మా ఇంటి వెనక చెట్టు గుర్తుకొచ్చింది. ఆ సంగతి చివర రాస్తాను.

మా మొక్కల రకం

మా మొక్కలకు కట్టిన అట్టముక్క మీద ఆమ్రపాలి అని ఉంది. ఇది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో తయారు చేసిన రకం. దసేరి, నీలం అనే రెండు రకాలను కలిపి చేశారు. ఆమ్ర అంటే మామిడి. ఆమ్రపాలి బుద్ధుని కాలంలో వైశాలి నగరంలో ఉన్న ఆవిడ. ఆమె తన మామిడి తోటను బుద్ధునికి ఇచ్చిందని చెబుతారు.

ఈ చెట్టు పొట్టిది. కాయ చిన్నది, లోపల కండ బాగా ఎర్ర పసుపు. ఏటా కాస్తుంది. మామూలు మామిడిని 10 మీటర్ల దూరంలో నాటితే ఒక హెక్టారుకు 100 మొక్కలు. ఆమ్రపాలిని రెండున్నర మీటర్ల దూరంలో నాటవచ్చు. లెక్క మీరే చేయండి. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. ఒక మొక్కకు 2.5 × 2.5 = 6.25 చదరపు మీటర్లు. భాగిస్తే 1,600 మొక్కలు.

కానీ పొట్టి రకం కదా అని వదిలేస్తే అది కూడా సన్నగా నిటారుగా పోతుంది. పక్క చెట్టుతో కలిసిపోయి లోపలికి ఎండ రాదు. చిన్నప్పుడే దానికి రూపం ఇవ్వాలి. మా చిన్నాయన అడివిలో పెద్ద మామిడి చెట్టెక్కి కాయ దులుపుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేల మీద నిలబడి కాయ కోసుకునే చెట్టు అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టమే. కత్తి పెట్టడమే ఎవరికీ ఇష్టం లేదు.

కొస కోస్తే ఏమవుతుంది?

మొక్క కొసన ఉన్న మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. అది కిందికి దిగుతూ పక్క మొగ్గలను పెరగనివ్వదు. దీన్ని అగ్రాధిక్యత అంటారు. అంటే కొస పెత్తనం. కొస ఉన్నంతకాలం పక్క మొగ్గలు నిద్రపోతూనే ఉంటాయి. కొస తీసేస్తే అవి లేస్తాయి. ఒక కొమ్మ పోయి మూడు నాలుగు వస్తాయి. కాబట్టి కోయడం అంటే చంపడం కాదు.

కావలసినవి

1. పదునైన కత్తెర, లేదా రాయి మీద నూరిన చిన్న కత్తి. కొడవలితో లాగితే బెరడు చీలుతుంది.
2. వెదురు కర్ర, పాత గుడ్డపీలికలు. ఇనప తీగ వద్దు. కాండాన్ని కోస్తుంది.
3. బోర్డో పేస్టు. కోసిన చోట పూయడానికి.

బోర్డో పేస్టు చేసే విధానం: 10 గ్రాముల మైలుతుత్తం 50 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించాలి. 10 గ్రాముల సున్నం ఇంకో 50 మిల్లీలీటర్ల నీళ్ళలో కలపాలి. తర్వాత రెండూ ఒకచోట పోసి కలపాలి. మట్టి ముంతలో గాని ప్లాస్టిక్ డబ్బాలో గాని చేయాలి, ఇనప గిన్నెలో వద్దు. శుభ్రంగా ఉన్న ఇనప మేకు ముంచి చూడండి. మేకు మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం కలపాలి. చేసిన రోజే వాడాలి. మైలుతుత్తం విషం. చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి. ఆ డబ్బాను మళ్ళీ వంటకు వాడకూడదు. బోర్డో అనేది ఫ్రాన్సు దేశంలో ఒక ఊరు. అక్కడి ద్రాక్షతోటల్లో దీన్ని మొదట వాడారు. మిలార్డె అనే ఆయన 1885లో దీని గురించి లోకానికి తెలిపాడు.

చేసే పద్ధతి

మొదటి పని: అంటు బాగా అతుక్కున్నాక ప్లాస్టిక్ పట్టీ విప్పేయాలి. కాండం లావవుతుంది, ప్లాస్టిక్ లావవదు. గొంతు పిసికినట్టు అవుతుంది. బొడిపె మట్టిలో కప్పబడి ఉంటే మట్టి తీయాలి.

రెండో పని: బొడిపె కింద చిగుర్లు ఎప్పుడు కనబడితే అప్పుడు వేలితో గిల్లేయాలి. వానాకాలంలో వారానికి ఒకసారి చూడాలి.

మూడో పని: వెదురు కర్ర పాతి, గుడ్డపీలికతో ఎనిమిది అంకె లాగా వదులుగా కట్టాలి.

నాలుగో పని: నాటిన ఏడాదికి, కాండం వేలంత లావు అయ్యాక, నేల నుంచి 60-70 సెంటీమీటర్ల ఎత్తులో కొస కోయాలి. మా నాయనకు సెంటీమీటర్లు తెలియవు. మూరన్నర అని చెప్పాను. సరిగ్గా సరిపోయింది. వానలు వెనకబట్టాక, ఆకులు ముదురుగా ఉన్నప్పుడు కోయాలి. ఎర్ర చిగురు మెత్తగా వేలాడుతున్నప్పుడు కోయకూడదు.

కోసే చోటు ముఖ్యం. మామిడి కాండం మీద అక్కడక్కడ ఆకులన్నీ ఒకేచోట గుంపుగా ఉంటాయి. అక్కడ కణుపు ఉంగరంలాగా ఉంటుంది. ఆ ఉంగరానికి కింద కోయాలి. అప్పుడు చిగుర్లు ఎడం ఎడంగా వస్తాయి. ఉంగరానికి పైన కోస్తే ఒకేచోట నుంచి చీపురుకట్టలాగా వస్తాయి. అలాంటి కొమ్మలు బరువుకు చీలిపోతాయి. కోత కొంచెం ఏటవాలుగా ఉంటే నీళ్ళు నిలవవు. వెంటనే పేస్టు పూయాలి. సొన చేతికి, కంటికి తగలకుండా చూసుకోవాలి. చర్మం పొక్కుతుంది. ఒక మొక్క అయ్యాక కత్తి తుడిచి, వేడినీళ్ళతో కడిగి ఇంకో మొక్కకు పోవాలి.

ఐదో పని: నెల రోజులు అటూ ఇటూ చిగుర్లు వస్తాయి. తలా ఒక దిక్కుకు పోయే మూడు, లేకపోతే నాలుగు ఉంచాలి. మిగతావి గిల్లేయాలి. కాండానికి మరీ ఆనుకుని నిటారుగా పోయే కొమ్మ ఉంటే గుడ్డపీలికతో చిన్న రాయి కట్టి కొంచెం వంచాలి.

ఆరో పని: ఆ మూడు కొమ్మలు ముదిరి మూరెడు దాటాక మళ్ళీ కొసలు కోయాలి. మూడు కొమ్మలు ఆరో ఏడో అవుతాయి. ఇంకోసారి చేస్తే చెట్టు గొడుగు లాగా వస్తుంది. నడిమధ్యకు పోయే కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండినవి తీసేయాలి. లోపలికి ఎండ, గాలి రావాలి.

ఏడో పని: మొదటి మూడేళ్ళు పూత తీసేయాలి. ఇది అందరికీ కష్టమైన పని.

మా ఇంట్లో జరిగింది

ఎనిమిదో తరగతి దసరా సెలవులకు నేను కత్తెర అడిగి తీసుకుపోయాను. మైలుతుత్తం, సున్నం విడివిడిగా కాగితంలో కట్టుకుని పోయాను. నాయన ఒప్పుకోలేదు. "బతికిన మొక్కను నరకడం నేర్పడానికా బడికి పంపింది?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "చేను చివర ఉన్న రెండూ తీసుకో. చస్తే చచ్చినాయి. మిగతా వాటి జోలికి పోకు" అన్నాడు.

మొదటి మొక్క కొలిచి, ఉంగరం కింద సరిగ్గా కోశాను. రెండో దానికి వచ్చేసరికి నాయన వచ్చి వెనక నిలబడ్డాడు. నా చెయ్యి వణికింది. తొందరలో ఉంగరం పైన కోశాను. ఇది నా తప్పు.

సంక్రాంతికి ఇంటికి పోయాను. మొదటి మొక్కకు ఐదు చిగుర్లు, ఎడం ఎడంగా. మూడు ఉంచాను. రెండో దానికి తొమ్మిది చిగుర్లు ఒకేచోట. మూడు ఉంచాను గాని మూడూ ఒకే బిందువు దగ్గర పుట్టినవి.

నేను ముట్టుకోని 15 మొక్కల్లో 8 పూతకు వచ్చాయి. నా రెండు పూయలేదు. నాయన గూడెంలో వాళ్ళను పిలిచి చూపించాడు. "చదువుకున్న పిల్ల కోసినవి మోడుగా ఉన్నాయి. ఊరకే వదిలినవి పూసినయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆ రోజు అన్నం తినలేదు.

అయినా పూత తీసేద్దామని పోయాను. మా నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "మామిడి కొత్తలు దేవుడికి పెట్టకముందే పూత ముడతావా, పిల్లా?" అంది. మా దగ్గర మామిడి పండగ చేయకుండా కొత్త కాయ నోట్లో పెట్టరు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తీయలేదు.

మొక్క చిన్నప్పుడు ఆకులో తయారైన ఆహారం వేరుకు, కొమ్మకు పోవాలి. పూత వస్తే ఆహారం అంతా అటే పోతుంది. ఇది నాకు తెలుసు. నాయనమ్మకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

ఎండాకాలం సెలవులకు పోయేసరికి పూసిన ఎనిమిదింటిలో ఏడింటి పిందెలు గోలీకాయ అంత అయి రాలిపోయాయి. ఒక్కదానికి రెండు కాయలు నిలిచాయి. మే నెలలో గాలిదుమారం వచ్చింది. ఆ కాయల మొక్క విరిగింది. నేను కోసిన రెండో మొక్కకు ఒక కొమ్మ మొదలు దగ్గర చీలింది. మొదటి మొక్కకు ఏమీ కాలేదు.

విరిగిన మొక్కను నాయన చేతిలోకి తీసుకుని చూశాడు. సరిగ్గా అంటు దగ్గర విరిగింది. మట్టిలో కప్పబడిన ప్లాస్టిక్ పట్టీ కాండాన్ని సగం దాకా కోసింది. ఆ పట్టీ విప్పాలని నాకు తెలుసు. నాయన ముట్టుకోవద్దన్నాడని నా రెండింటికే విప్పాను, మిగతా వాటికి ఉందని చెప్పనైనా లేదు. ఇది నా రెండో తప్పు.

ఆ సాయంత్రం నాయన అన్ని మొక్కల మొదళ్ళ దగ్గర కూర్చుని మట్టి తీసి పట్టీలు విప్పాడు. మూడు మొక్కలకు బొడిపె కింద చిగుర్లు ఉన్నాయి. "ఏది మనది, ఏది కాదు?" అని అడిగాడు. నేను బొడిపె వెతుకుతున్నాను. నాయన ఒక్కో ఆకు నలిపి వాసన చూశాడు. "ఇది అడివి వాసన. ఇది కాదు" అన్నాడు. మూడూ సరిగ్గానే చెప్పాడు. ఈ పరీక్ష నాకు టీచరు చెప్పలేదు. నాయన దగ్గర నేర్చుకున్నాను.

అప్పుడు నేను నాయనను ఇంటి వెనక చెట్టు దగ్గరకు తీసుకుపోయాను. దసరాకే నేను ఆ చెట్టు మొదలు తవ్వి చూశాను. భయమేసి చెప్పలేదు. నేలకు బెత్తెడు ఎత్తులో కాండం పక్కన ఎండిన మొండి ఒకటి ఉంది, చిటికెన వేలంత. అదే అంటు పుల్ల. అది ఎప్పుడో ఎండిపోయింది. దాని కింద నుంచి వచ్చిన చిగురే ఇంత చెట్టు అయింది. ఆరేళ్ళు అమ్మ నీళ్ళు పోసింది దానికే.

నాయన ఆ మొండిని చాలాసేపు వేలితో తడిమాడు. "అయితే మోసం చెయ్యలే" అన్నాడు. కొంచెం ఆగి "చెప్పిపోతే వాళ్ళకేం పోయేది?" అన్నాడు.

జూన్‌లో తొలకరి తర్వాత రెండు రోజులు పొడిగా ఉంటే నాయనే మిగతా మొక్కలన్నింటికీ కొస కోశాడు. నేను మూరన్నర కర్ర పట్టుకున్నాను. తమ్ముడు పేస్టు పూశాడు. చీలిన మొక్కకు చీలిన కొమ్మ తీసేసి, కొత్త చిగురు కోసం చూస్తున్నాం. ఇప్పుడు మా చేలో 16 మొక్కలు ఉన్నాయి. నేను మొదట కోసిన మొక్కకు ఏడు కొమ్మలు.

వెనక చెట్టు కొట్టేద్దామని నాయన అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. ఒరుగులకు ఆ పులుపే మంచిదట. పండగకు దేవుడికి పెట్టడానికి ఆ చెట్టు కాయలు చాలు, చిన్న చెట్ల పూత నీ ఇష్టం అని నాతో అంది. వచ్చే సంక్రాంతికి పూత నేనే తీస్తాను.

మీరు చేయాల్సింది

1. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ మామిడి అంటు మొక్క మొదలు చూడండి. బొడిపె ఎక్కడ ఉంది?
2. ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉందా? ఉంటే ఆ రోజే విప్పండి.
3. బొడిపె కింద చిగురు ఉందా? ఆకు నలిపి పై ఆకు వాసనతో పోల్చండి.
4. కొస కోస్తే పక్క మొగ్గలు ఎందుకు లేస్తాయి? రెండు వాక్యాల్లో రాయండి.
5. ఎకరం 4,000 చదరపు మీటర్లు అనుకుంటే, రెండున్నర మీటర్ల దూరంలో ఎన్ని ఆమ్రపాలి మొక్కలు పడతాయి?

జవాబులు నాకు చూపించండి. ఇంటి దగ్గర పెద్దవాళ్ళు కోయనివ్వకపోతే ఒక్క మొక్క అడగండి. పట్టీ సంగతి మాత్రం ఆ రోజే చెప్పండి, నాలాగా దాచుకోవద్దు.

ఏమైనా తప్పులు రాస్తే క్షమించండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని,
బడితోట బృందం